ఒత్తులు విరిగిన బోర్డు

మా మామగారికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. నాందేడ్‌లో ఆయన వయసు తెలుగువాళ్లు చాలామంది అంతే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ హిందీ. పెళ్లయి నేను నిజామాబాద్ నుంచి ఆ ఇంటికి వచ్చేనాటికి తెలుగు అక్షరం పోల్చుకోగలిగిన మనిషి ఇంట్లో ఒక్కరూ లేరు. నా భర్త కూడా మరాఠీ మీడియంలోనే చదువుకున్నాడు. మా పుట్టింటి నుంచి ఉత్తరం వస్తే అందరి ముందూ కూర్చుని పైకి చదివేదాన్ని. చదవటం అయిపోయాక మామగారు ఆ కాగితం అడిగి తీసుకునేవారు. నేను చదివినంత సేపటికి సరిపోయేంత రాత అందులో ఉందా లేదా అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ నా చేతికి ఇచ్చేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తరవాత తరవాత చదివేటప్పుడు ఒక్క ముక్క కూడా దాటేయకుండా జాగ్రత్త పడటం అలవాటైంది.

ఆయనకు ఇత్వారా బజారులో గాదీల, అంటే పరుపుల, దుకాణం ఉండేది. పరుపులు, దూది కూరిన రజాయిలు స్వయంగా కుట్టేవారు. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. అన్నానికి కూర్చున్నప్పుడు తీసి భుజం మీద వేసుకునేవారు, అంతే. దూది బస్తా వస్తే పైపైన చూసి ఒప్పుకునే రకం కాదు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి అడుగున తడి దూది కూరారేమోనని తడిమి చూసేవారు. అనుమానం ఆయనకు వ్యాపారంతో అబ్బిందో, అనుమానం వల్లే వ్యాపారం నిలిచిందో నేను చెప్పలేను.

నాందేడ్‌లో రోడ్లు వెడల్పు చేసిన రోజుల్లో ఆ దుకాణం ముందు భాగం పోయింది. పరుపు పూర్తిగా పరిచి చూపించటానికి కూడా చోటు మిగల్లేదు. అప్పుడే మా మేనమామ నిజామాబాద్ నుంచి ఫోను చేసి, అక్కడ ఇద్దరూ కలిసి ఒక దుకాణం పెడదామన్నాడు. ఆయన బూరుగు దూదితో మెత్తలు చేయించి అమ్మేవాడు. మా వైపు తలగడను మెత్త అంటారు. దూది బేరాల్లో ఇద్దరికీ ఎప్పటినుంచో పరిచయం. నా పెళ్లి కుదిర్చింది కూడా ఆయనే. పరుపులు ఇక్కడి నుంచి వెళ్లాలి, మెత్తలు ఆయనవి, దుకాణంలో కూర్చునేది ఆయన. మామగారు వారానికోసారి రైల్లో వెళ్లి చూసుకోవాలి. అంతవరకూ ఇబ్బంది లేకుండానే మాట్లాడుకున్నారు. ఇబ్బంది బోర్డు దగ్గర మొదలైంది.

"బోర్డు, పాంప్లెట్లు నేను ఈడనే చేపిస్త అన్నా. మా గల్లీల ఫ్లెక్సీ దుకాణం ఉన్నది" అన్నాడట మేనమామ.

"జర ఆగు తమ్మీ" అని ఫోను పెట్టేసి మామగారు నా వైపు తిరిగారు. "ఆడ తెలుగుల ఏం రాపిస్తడో నాకెట్ల తెలుస్తది?"

ఆయన నా మేనమామ అన్న సంగతి మరిచిపోయి అన్నారో, గుర్తుండే అన్నారో తెలియదు.

"ఇంట్లనే చేద్దాం. నా కండ్ల ముంగట గావాలె."

"నాకు చేసుడు రాదు మామయ్యా."

"చదువుడు అస్తది గదా. మిగిలింది నీ మొగడు జూపెడ్తడు."

నా భర్త ఒక బీమా ఏజెంటు దగ్గర పని చేసేవాడు. ఇంట్లో ఒక పాత కంప్యూటరు, ఫోను తీగకు తగిలించిన ఇంటర్నెట్టు ఉండేవి. ఆఫీసులో ఖాతాదారులకు పండగ కార్డులు ఒక వెబ్‌సైటులో తయారు చేసేవాళ్లట. దాన్ని తెరిచి చూపించాడు. సిద్ధంగా ఉన్న బొమ్మల్లో ఒకటి ఎంచుకోవాలి, దాని మీద మనకు కావలసిన మాటలు పెట్టుకోవాలి, అక్షరాలు పెద్దవి చెయ్యొచ్చు, రంగు మార్చొచ్చు, ఎటు కావాలంటే అటు జరపొచ్చు. అన్నీ ఆ సైటులోనే. కొనవలసిందేమీ లేదు.

"ఊకెనే ఎందుకిస్తున్నడు? వానికేం లాభం?" అన్నారు మామగారు.

"ఏమో నానా. అందరికీ ఇస్తరు."

"మన దుకాణం సంగతి వానికి తెలిసిపోదా?"

నా భర్త నవ్వి ఆఫీసుకు వెళ్లిపోయాడు. మామగారు నవ్వలేదు. మధ్యాహ్నం దుకాణం మూసి అన్నానికి ఇంటికి వచ్చినప్పుడల్లా, తిన్నాక కంప్యూటరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను మౌస్ పట్టుకునేదాన్ని.

మొదటి రోజు నేను ఎంచుకున్న బొమ్మ ఏదో విదేశీ హోటలు మెనూ కార్డు. ఎర్రటి మఖమలు లాంటి రంగు బాగుందని తీసుకున్నాను. మూలన ఒక సారా గ్లాసు ఉంది. "గా గ్లాసేంది?" అన్నారు. దాన్ని నొక్కి తీసేశాను. మాటలు పెట్టే గుర్తు నొక్కగానే మధ్యలో చుక్కల గీతతో ఒక పెట్టె వచ్చింది. అందులో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది.

"ముందుగాలనే ఎవలో రాసిపెట్టిన్రా?"

"మనల్ని రాయమని చెప్తున్నది మామయ్యా. దీన్ని చెరిపి మనం రాసుకోవాలె."

"చెరిపినంక పోతదా, కింద ఉంటదా?"

పోతుందన్నాను. ఆయన ముందుకు వంగి, పోయిందాకా చూశారు.

తెలుగు నేరుగా ఆ పెట్టెలో పడేది కాదు. ఇంకో సైటులో ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తే తెలుగులోకి మారేది. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించేదాన్ని. మొదటిసారి అతికించినప్పుడు వరసగా ఖాళీ గడులు వచ్చాయి.

"ఇది తెలుగా?"

"కాదు మామయ్యా."

అక్షరాల తీరు మార్చే పట్టీలో ఇంగ్లీషు పేర్లు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటి నొక్కుతూ పోయాను. గడులు లావయ్యాయి, సన్నమయ్యాయి, పక్కకు వాలాయి. ఎక్కడో అడుగున ఒక పేరు దగ్గర మాత్రం ఉన్నట్టుండి "పరుపులు" అని వచ్చింది. చదవటం రాని ఆయనకు కూడా అది తెలుగేనని తెలిసిపోయింది. కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు. నాకు సంతోషం పట్టలేక దాన్ని పెద్దది చేశాను, పసుపు రంగు వేశాను, వెనక నీడ కూడా పెట్టాను.

"వెనుక నల్లగ పడ్డదేంది?"

"నీడ. అక్షరం ఎత్తుగ కనిపిస్తది."

"తీసెయ్యి. మాట ఎనుక ఇంకోటి ఎందుకు."

తీసేశాను. ఆ తరవాత యజమానుల పేర్లు పెట్టవలసి వచ్చింది. అసలు గొడవ అక్కడుంది.

ఆ సైటులో తెలుగు గుడులు, కొమ్ములు ఎలాగో సర్దుకునేవి. ఒత్తులు మాత్రం కిందికి దిగేవి కాదు. విడిపోయి పక్కన నిలబడేవి. ఒక్కోసారి మధ్యలో చుక్కలతో గీసిన సున్నా ఒకటి వచ్చి కూర్చునేది. మామగారి పేరులో ఒత్తు లేదు. ముచ్చటగా వచ్చింది. మా మేనమామ పేరులో ఒత్తులున్నాయి. ఆయన పేరు ఎవరో రాయి పెట్టి కొట్టినట్టు ముక్కలైంది. మధ్యలో ఆ సున్నా.

మామగారు తెర మీద రెండు పేర్లనూ మార్చి మార్చి చూశారు. తరవాత అన్నారు, "నా పేరు మంచిగ అచ్చింది. గాయనది గట్లెందుకయింది?"

ఒత్తుల సంగతి చెప్పాను. మరాఠీలో జోడాక్షరాల లాంటివేనని, ఈ సైటుకు వాటిని కలపటం తెలియదని చెప్పాను.

"నా పేర్ల లేనివి ఆయన పేర్ల ఎందుకున్నయి?"

ఆయన లేచి దుకాణానికి వెళ్లిపోయారు. గడప దాటేముందు వెనక్కి తిరిగి తెర వైపు ఒకసారి చూశారు. నా మీద అనుమానమో, ఆ సైటువాడి మీదో, తన పేరు బాగా రావటం వెనక కూడా ఏదో ఉందనో, ఆ చూపులో ఏముందో నాకు అర్థం కాలేదు.

నేను ఒక ఉపాయం చేశాను. ఒత్తులున్న మాటలన్నీ తప్పించి రాయటం మొదలుపెట్టాను. పరుపులు సరే, రజాయిలు సరే, గాదీలు సరే, బొంతలు సరే. దుప్పట్లు పనికిరాదు. మెత్తలు అసలే పనికిరాదు. తలకిందికి వేరే మాట కోసం ఆలోచించి, దిండ్లు అన్నా ఒత్తే గనక "దిండులు" అని పెట్టాను. మేనమామ పేరు మాత్రం ఏం చేసినా కుదరలేదు. ఒక నమూనా చూసుకుంటే బాగుంటుందని, పేరు తరవాత సరి చేద్దామనుకుని, అలాగే మెయిలు చేశాను.

ఆయన వాళ్ల గల్లీలోని నెట్ సెంటరులో అది తెరిచి చూసి, అక్కడి నుంచే ఫోను చేశాడు.

"బిడ్డా, గా దిండులేంది? మెత్తలు ఏడబోయినయి?"

"ఒత్తు ఇరుగుతున్నది మామా. అందుకే."

"నిజామాబాద్‌ల దిండు అంటే ఎవలకెర్క? మెత్తల పని నాది. పరుపులు మీ మామయి. నా మెత్తలు తీసేసినవు. నా పేరు ఇరగ్గొట్టి, నడుమ సున్న పెట్టి పంపినవు. ఆయన పేరేమో పూలు పెట్టినట్టున్నది. ఎవలు చెప్పి చేపిచ్చిన్రు?"

"ఎవలు చెప్పలేదు మామా. కంప్యూటర్ల గట్లనే అస్తున్నది."

"కంప్యూటరుకు నేనంటే పగనా బిడ్డా?"

చిన్నప్పుడు నన్ను సైకిలు మీద బడికి దింపిన మనిషి. గట్టిగా కూడా మాట్లాడలేదు. మెల్లగానే అడిగాడు. అందుకే ఎక్కువ బాధేసింది. ఫోను పెట్టేశాక ఇంకో ఆలోచన వచ్చింది. నేను ఒక మాట తీసేస్తే ఇంత దూరం ఎందుకు వెళ్లాడు, ఆయన మనసులో ముందునుంచే ఏదో ఉందా అని. ఆ ఇంట్లో ఉండీ ఉండీ నాకూ ఆ జబ్బు అంటుకుంటోందని అప్పుడే అనిపించింది.

ఆ పేరును మొత్తంగా రప్పించే దారి మర్నాడు దొరికింది. కంప్యూటరులో మామూలుగా ఉత్తరాలు టైపు చేసుకునే చోట తెలుగు ఒత్తులు చక్కగా వచ్చేవి. అక్కడ పేరు టైపు చేసి, తెరను ఫోటో తీసినట్టు తీసి, ఆ ముక్క కత్తిరించి, దాన్ని బొమ్మలాగా ఆ సైటులోకి ఎక్కించాను. మేనమామ పేరు చెక్కు చెదరకుండా వచ్చింది. కాకపోతే చుట్టూ తెల్లటి దీర్ఘచతురస్రం కూడా వచ్చింది. దానికి ఎర్ర రంగు నింపాను. ఎంత ప్రయత్నించినా ఆ ఎరుపు, వెనకున్న ఎరుపు ఒకటి కాలేదు. ఆ పేరు వెనక కాస్త ముదురు ఎరుపు పట్టీ కనిపిస్తూనే ఉంది. అలాంటి పట్టీ ఇంకోటి పడితే బాగుండదని మెత్తల జోలికి పోకుండా దిండులే ఉంచాను.

మధ్యాహ్నం మామగారు వచ్చి చూశారు.

"గాయన పేరు కింద గాదీ ఎందుకు పరిచినవు?"

నవ్వు ఆపుకోలేక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన నవ్వు కోసం అనలేదు. మెడలోంచి టేపు తీశారు. తెర మీద తన పేరు ఎత్తు కొలిచారు. మేనమామ పేరు ఎత్తు కొలిచారు. ఒత్తులు కిందికి వేలాడుతున్నాయి గనక అది ఎక్కువే ఉంది.

"బరాబర్ లేదు."

"ఒత్తు కలిపి కొలిచిన్రు మామయ్యా. పైన అక్షరం అక్షరం చూస్తే రెండు ఒక్కటే."

"కొలిస్తే మొత్తం కొలువాలె."

ఆయనకు టీ పెట్టటానికి వంటింట్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మేనమామ పేరు చిన్నదైపోయి ఉంది. మామగారు టేపు మెడలో వేసుకుని కుదురుగా కూర్చున్నారు.

"మామయ్యా, మీరేమన్న ముట్టిన్రా?"

"ముట్టిన. మూల పట్టి గుంజితె తగ్గుతదని నువ్వు చేస్తుంటె చూసిన. ఇప్పుడు బరాబర్ ఉన్నది, కొలుసుకో."

అప్పటి వరకూ ఆయన మౌస్ ముట్టుకోగా నేను చూడలేదు. ఒక్క అక్షరం చదవలేని మనిషి ఏ పెట్టె ఎవరిదో గుర్తుపెట్టుకుని, దాని మూల పట్టుకుని లాగారు. కోపం రావలసింది, ఎందుకో రాలేదు. కాని ఆ రోజు నుంచి కంప్యూటరు ముందు నుంచి లేస్తే ఆ పేజీ మూసి లేచేదాన్ని. ఆయన అది గమనించారు. తనకు కనపడకుండా ఏదో దాస్తున్నానని అత్తమ్మతో అన్నారట.

నేను చదివింది నిజమో కాదో తేల్చుకోవటానికి ఆయన ఇంకో పని కూడా చేశారు. కాగితం మీద తీసిన నమూనా మడిచి జేబులో పెట్టుకుని, ప్యాసింజరు రైల్లో ఉమ్రి వెళ్లారు. అక్కడ దూది బేరం చేసే ఒకాయన బోధన్ వైపు చదువుకున్నవాడు, తెలుగు చదవగలడు. సాయంత్రం తిరిగి వచ్చాక అత్తమ్మ అడిగింది.

"ఏమన్నడు?"

"అన్నీ సరిగనే ఉన్నయన్నడు."

"మరింకేంది?"

"వాడు నాకూ దూది అమ్ముతడు, గాయనకూ అమ్ముతడు. ఉన్నది ఉన్నట్టు ఎందుకు చెప్తడు?"

ఈ లోపల చిన్నదైన పేరుతో ఉన్న నమూనా నిజామాబాద్ చేరింది. పంపింది నేను కాదు. కుదరకపోతే ఎవరో ఒకరు తేల్చాలి గదా అని నా భర్త ఆఫీసు నుంచి పంపాడు. రెండు రోజుల తరవాత పొద్దుటి బండికి మేనమామ స్వయంగా వచ్చాడు. చంకలో ఒక మెత్త. నాకోసం తెచ్చానన్నాడు. నేను తీసుకునేలోపే మామగారు దాన్ని అందుకుని, రెండు చేతుల మధ్య నొక్కి, కుట్టు దగ్గర వేలు పెట్టి చూసి, "బూరుగు దూదేనా?" అన్నారు.

"కోసి చూడు అన్నా."

"ఊకె అడిగిన తమ్మీ."

ఇద్దరూ వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నారు. నేను నిలబడి పేజీ తెరిచాను. మేనమామ ప్రతి మాటా పైకి చదివాడు. ఆయన చదువుతుంటే మామగారు తెర చూడకుండా నా ముఖం చూశారు, ఆయన చదివేదానికి నా ముఖం ఎక్కడైనా మారుతుందేమోనని. తెలుగు చదవగలిగిన ఇద్దరం ఒకవైపు అయిపోయాం, ఆయన ఒక్కడే ఒకవైపు. ఆయన స్థితిలో ఉంటే నేనైనా అలాగే చూసేదాన్నేమో.

"నా పేరు చిన్నగున్నది అన్నా" అన్నాడు మేనమామ.

"చిన్నగ లేదు. కొలిచిన." టేపు తీసి మళ్లీ కొలిచి చూపించారు.

"ఒత్తు కలిపి కొలిస్తె ఎట్ల? అక్షరం చూడు. నీది ఎంతున్నది, నాది ఎంతున్నది."

"కొలిస్తె మొత్తం కొలువాలె."

"పరుపు అంచుకు కుచ్చులు కుడ్తవు గదా. గిరాకి పరుపు కొలువుమంటె కుచ్చులు కలిపి కొలుస్తవా?"

మామగారు ఆగిపోయారు. కుచ్చులు కలిపి కొలవరు. అది ఆయనకు తెలుసు. టేపు చుట్టచుట్టి చేతిలో పట్టుకున్నారు. "నా పేరుకు కుచ్చులు లేవు మరి" అన్నారు.

"అది నా తప్పా అన్నా? మా నాయిన పెట్టిండు."

"నువ్వు ఆడ ఉంటవు. గిరాకి నిన్ను చూస్తడు, నీతోని మాట్లాడ్తడు. నన్నెవలు చూస్తరు? బోర్డు మీద ఉన్నదే నేను. అది గూడ నేను చదువలేను. నువ్వు పెద్దగున్నవా, నేను పెద్దగున్ననా, నాకు తెలిసే దారి గీ టేపు ఒక్కటే."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. దానికి మేనమామ, "నాకు మాత్రం కుట్టుడు అస్తదా అన్నా. నువ్వు ఈడినుంచి పంపే పరుపుల ఏ దూది కూరినవో నాకెట్ల తెలుస్తది. నమ్మే పెట్టుకుంటున్న గదా" అన్నాడు. ఇది విని మామగారు మెత్తబడతారనుకున్నాను. "అంటె నా దూది మీద శక్ ఉన్నదా నీకు?" అన్నారు.

అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. ఆమె సామాన్యంగా వీళ్ల మాటల్లోకి రాదు. "రెండు పేర్లు తీసేయిన్రి. పరుపు మీద పండేటోడు పేరు అడుగుతడా" అంది. చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మేనమామ "నాకు సమ్మతే" అన్నాడు. మామగారు "నాకూ సమ్మతే" అన్నారు. నేను మేనమామ పేరు నొక్కి తీసేశాను. తరవాత మామగారి పేరు తీసేశాను. తెర మీద దుకాణం పేరు, పరుపులు, రజాయిలు, దిండులు మిగిలాయి.

"ఇది మల్ల తెచ్చుకోవచ్చునా?" అన్నారు మామగారు.

వెనక్కి తిరిగిన బాణం గుర్తు నొక్కి చూపించాను. ఆయన పేరు మళ్లీ వచ్చింది. మళ్లీ నొక్కితే మేనమామ పేరూ వచ్చింది, కింద గాదీతో సహా.

"అయితె గిది తీసేసుడు ఎట్లయితది?" అన్నారు. మళ్లీ తీయించి, పేజీ మూయించి, కంప్యూటరు కూడా ఆపించారు. అప్పుడు అన్నానికి లేచారు. మేనమామ సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. ఆయన అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడని రెండు రోజులు మామగారు అత్తమ్మను అడిగారు. మామగారి గురించి ఇదే మాట మేనమామ ఫోనులో నన్ను అడిగాడు.

దుకాణం తెరిచే రోజు అందరం నిజామాబాద్ వెళ్లాం. బండి దిగి ఆటోలో ఆ సందు మలుపు తిరగ్గానే మామగారు తల బయటికి పెట్టి బోర్డు చూశారు.

"ఇది మనం చేసింది కాదు."

నేనూ చూశాను. నిజమే, మేం చేసింది కాదు. ఎర్ర రంగు ఉంది గాని అక్షరాల తీరు వేరు. మేం పంపింది పెద్దగా సాగదీస్తే అంతా మసకబారిందట. ఫ్లెక్సీ దుకాణంవాళ్లు తమ దగ్గరున్న అక్షరాలతో మళ్లీ టైపు చేశారట. ఇన్ని మధ్యాహ్నాలు కూర్చుని చేసిందంతా అక్కడెక్కడా లేదు. చదవలేని మనిషి అక్షరాల ఆకారం చూసే పట్టేశారు.

"చదువు" అన్నారు నాతో.

పైనుంచి కింది దాకా చదివాను. అన్నీ అవే మాటలు. దిండులు ఉన్న చోట మాత్రం మెత్తలు అని ఉంది, ఒత్తు నిండుగా, చక్కగా. ఆ మాట మార్చారని చెప్పాను. ఆయన తలూపారు. పేర్లు లేవు. అది ఆయనకే తెలుస్తోంది. కాని అడుగున ఫోను నంబర్లు ఉన్నాయి. అంకెలు చదవటానికి ఆయనకు ఎవరి సాయమూ అక్కర్లేదు.

"తమ్మీ, నీ నంబరు ముంగటున్నది."

మేనమామ దండ పట్టుకుని నిచ్చెన మీద ఉన్నాడు. "దుకాణం ఈడున్నది అన్నా. ఫోను చేసేటోళ్లు ఈడోళ్లే. నీ నంబరుకు చేస్తె వాళ్లకు బిల్లు ఎక్కువ పడ్తది. అందుకే."

"బరాబర్" అన్నారు మామగారు. దీపం వెలిగించారు, పరుపు పరిచి చూపించారు, వచ్చినవాళ్లకు పేడాలు పంచారు. ఎక్కడా ముఖం తేడాగా పెట్టలేదు. తిరుగు బండిలో మాత్రం కిటికీ వైపే ముఖం పెట్టుకుని కూర్చున్నారు. బాసరలో బండి ఆగింది. ఆయన కూర్చున్న కిటికీకి ఎదురుగా స్టేషను పేరు రాసిన పసుపు పలక ఉంది. దాన్ని చాలాసేపు చూశారు. పైన తెలుగులో, కింద హిందీలో, దాని కింద ఇంగ్లీషులో ఒకటే పేరు. చూపుడు వేలుతో మోకాలి మీద ఏదో గీసుకుంటున్నట్టు కనిపించింది. నేను పట్టించుకోలేదు.

ఆ తరవాత వారం వారం నిజామాబాద్ వెళ్లి వచ్చేవారు. ధర్మాబాద్ దాటాక వచ్చే ప్రతి స్టేషను పలకా ఆయనకు బడి అయిందని నాకు చాలా కాలం తెలియలేదు. మరాఠీ చదివినవాడికి హిందీ అక్షరాలు అవే గనక, కింద హిందీ అక్షరం చూసుకుని పైన తెలుగు అక్షరం పోల్చుకోవటం. నన్ను అడిగితే నేను తప్పు నేర్పవచ్చు. మేనమామను అడిగితే సరేసరి. రైల్వేవాడికి మాత్రం తనను మోసం చెయ్యవలసిన పని లేదని ఆయన లెక్క. ఒక రోజు మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చి, బీరువాలోంచి మా పాత నమూనా కాగితం తీసి, వంటింటి గుమ్మంలో నిలబడి చదవటం మొదలుపెట్టారు.

"ప... రు... పు... లు."

నేను పిండి కలుపుతున్న చెయ్యి ఆపేశాను. అత్తమ్మ కూడా తిరిగి చూసింది. రజాయిలు చదివారు. దిండులు దగ్గర కొంచెం తడబడి సర్దుకున్నారు. తన పేరు చదివారు. మేనమామ పేరు దగ్గర ఆగి, కింద ఒత్తు మీద వేలు పెట్టి, "గిది నాకింకా రాలే" అన్నారు. అంతా అయ్యాక కాగితం మడిచి, "నువ్వు చదివినట్టే ఉన్నది" అన్నారు.

ఇంకేమైనా అంటారేమోనని చూశాను. చెప్పులు వేసుకుని దుకాణానికి వెళ్లిపోయారు. అత్తమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట వరకూ, ఇన్ని నెలలూ, నేను చెప్పింది నిజమని ఆయనకు తెలియదన్నమాట. నా చేతి అన్నం తింటూ, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటూ, ఎటూ తేల్చుకోకుండా ఉన్నారు. పిండి కలపటం పూర్తి చేశాను గాని ఆ పూట రొట్టెలు సరిగా రాలేదు.

నిజామాబాద్ దుకాణం కొన్నేళ్లు నడిచింది. బాగానే నడిచింది. తరవాత ఫోము పరుపుల షోరూములు వచ్చాయి. బూరుగు దూది దొరకటం తగ్గింది. ఇద్దరూ మాట్లాడుకుని, గొడవ లేకుండా మూసేశారు. మిగిలిన సరుకు పంచుకున్న రోజు నేను అక్కడ లేను. మెత్తలు మామగారు తెచ్చుకున్నారు, పరుపులు మేనమామ ఉంచుకున్నాడు. ఎవరి సరుకు వాళ్లు తీసుకోకుండా ఇలా ఎందుకు మార్చుకున్నారో ఇద్దరూ చెప్పలేదు.

మామగారు నిజామాబాద్ వెళ్లటం మానలేదు. ఏదో ఒక పని పెట్టుకుని వెళ్లేవారు. వచ్చేటప్పుడు స్టేషనులో తెలుగు పేపరు కొనుక్కుని, బండిలో సగం, ఇంట్లో సగం చదివేవారు. ఒత్తులు కూడా వచ్చేశాయి. తెలియని మాట వస్తే నన్ను పిలిచి అర్థం అడిగేవారు. నేను చెప్పింది విని తలూపేవారు. సాయంత్రం మేనమామకు ఫోను చేసి, అటూ ఇటూ మాట్లాడి, చివర్లో అదే మాట ఆయన్నీ అడిగేవారు. మా ఇద్దరి జవాబూ ఒకటే అయిన రోజు, మేమిద్దరం కూడబలుక్కున్నామేమోనన్నట్టు, ఫోను పెట్టేసి మళ్లీ ఒకసారి పేపరు తీసి ఆ వాక్యం చదువుకునేవారు.